మూడో లైను మీద వడ్లు

ఈ సంగతి ఇంతకాలం ఎందుకు రాయలేదని అడిగితే నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. రైల్వేలో చేరిన రోజు వేలిముద్ర వేశాను, రిటైరైన రోజు కూడా వేలిముద్రే వేశాను. మధ్యలో ఉద్యోగమంతా జెండాలతో, తాళాలతో, చేతి సైగలతో గడిచిపోయింది. అక్షరం నా దగ్గరికి ఆ తర్వాతే వచ్చింది. మా చర్చి సంఘంలో రిటైరైన టీచరమ్మగారు ఒకావిడ ఉన్నారు. స్త్రీల కూడికలో అందరూ పాటల పుస్తకం తెరిస్తే నేను మూసిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పాడటం ఆవిడ కనిపెట్టారు. "పాటలన్నీ నోటికి వచ్చినదానివి, అవి ఎలా ఉంటాయో చూడాలని లేదా నీకు?" అన్నారు. నిజానికి ఎప్పటినుంచో ఉంది. చిన్నప్పుడు లేసు అల్లిన వేళ్ళు నావి, గుండ్రాలు తిప్పడం వాటికి కొత్త కాదు. తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రాలే కదా. ఒత్తులు మాత్రం బాగా ఏడిపించాయి. ఇందులో ఒత్తులన్నీ సరిగ్గా ఉంటే అది ఆవిడ దిద్దినందువల్లే అనుకోండి.

రైల్వేలో కొత్తగా చేరుతున్న ఆడపిల్లలు చర్చికి వచ్చినప్పుడు నన్ను అడుగుతుంటారు, ఆ రోజుల్లో ఎలా చేశారమ్మా అని. వాళ్ళ కోసమే ఇది.

మా ఆయన గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సర్దే పని. జబ్బు చేసి పోయారు. భర్త పోయిన ఆడవాళ్ళకు చదువు లేకపోయినా చిన్న ఉద్యోగం ఇచ్చేవారు, అలా చేరాను. కొన్నాళ్ళకు నన్ను స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా వేశారు. మనిషి ఆడదైనా ఉద్యోగం పేరు అదే. బండి ఏ లైనులోకి వెళ్ళాలో ఆ లైనుకు పట్టా తిరిగి ఉందో లేదో చూడటం, తాళం వేయడం, బండి వెళుతుంటే పక్కన నిలబడి పచ్చ జెండా చూపించడం. చివరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది. అది కనపడితే బండి మొత్తం వచ్చిందని, మధ్యలో ఎక్కడా తెగిపోలేదని అర్థం. నేను చదవగలిగిన రాత చాలాకాలం అదొక్కటే. దాన్ని మాత్రం ఎంత దూరం నుంచైనా చదివేదాన్ని.

మాది నిడదవోలు నుంచి భీమవరం వెళ్ళే దారిలో ఒక చిన్న స్టేషను. పక్కన ఇంకో దారి వేయకముందు, పైన కరెంటు తీగలు రాకముందు మాట ఇది. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య ఒకే దారి. ఎదురెదురుగా వచ్చే బళ్ళు స్టేషన్లోనే ఒకదానికొకటి తప్పుకోవాలి. మా స్టేషన్లో మూడు లైన్లు ఉండేవి. మొదటిది మెయిన్ లైను, రెండోది బళ్ళు తప్పుకోవడానికి. మూడోది ఒకప్పుడు గూడ్సు పెట్టెల్లోకి బియ్యం ఎక్కించడానికి వేసింది. లారీలు వచ్చాక బియ్యం రోడ్డున పడిపోయింది. మూడో లైను మీదకి బండి వచ్చి ఎన్నాళ్ళయిందో ఎవరూ చెప్పలేకపోయేవారు. పట్టా తుప్పు పట్టి బెల్లం రంగుకి వచ్చేసింది.

అయితే దాని పక్కన సిమెంటు ప్లాట్‌ఫారం పొడుగ్గా, నున్నగా ఉండేది. మా వైపు ఎండాకాలపు దాళ్వా పంట కోతలంటే తెలుసుగా, వడ్లు ఆరబోసుకోవడానికి జానెడు చోటు దొరకదు. రోడ్డు మీద పోస్తే లారీల వాళ్ళు తిడతారు. స్టేషను వెనక పేటలో ఆడవాళ్ళు, ఎక్కువమంది మా సంఘం వాళ్ళే, ప్రతి దాళ్వాకీ మూడో ప్లాట్‌ఫారం మీద బరకాలు పరిచి వడ్లు పోసేవారు. నాకంటే ముందు ఉన్న పాయింట్స్‌మన్ కాలం నుంచీ ఇదే ఆనవాయితీ. ముందు ప్లాట్‌ఫారం మీదే ఉండేవి. తర్వాత బరకాలు అంచు దిగి పట్టా దాకా వచ్చాయి. ఆ తర్వాత పట్టాల మధ్యకి గడ్డిమోపులు వచ్చాయి. లైను చివర బండి ఆగడానికి కట్టిన దిమ్మకి ఒక గేదె కూడా వచ్చి చేరింది. గేదెను మాత్రం వద్దన్నాను. అది ఎవరి మాటా వినే రకం కాదు.

మా స్టేషను మాస్టరుగారు నెమ్మదైన మనిషి. పొద్దున్నే ఇంటి దగ్గర నుంచి స్టీలు క్యానులో మజ్జిగ తెచ్చుకునేవారు. ఏ కష్టం వచ్చినా ముందు ఒక గ్లాసు మజ్జిగ తాగి, తర్వాత రూలు ఏముందో ఆలోచించేవారు. "రూలు చూడాలమ్మా" అనేది ఆయన ఊతపదం. గ్యాంగు మేస్త్రి ఆయన వెనక మజ్జిగ మాస్టరని నవ్వేవాడు. ఆ నవ్వులో నేనూ కలిసేదాన్ని.

ఆ రోజు ఉదయం నేను డ్యూటీకి వచ్చేసరికి మాస్టరుగారు అప్పటికే రెండో గ్లాసు తాగుతున్నారు. అవతల ఏలూరు మీదుగా వెళ్ళే పెద్ద లైను కింద గట్టు కుంగింది, బాగుచేసేదాకా ఆ దారిన బండి నడవదు. అందుకని పెద్ద బళ్ళన్నిటినీ నిడదవోలు దగ్గర తిప్పి మా లైను మీదుగా, భీమవరం, గుడివాడ చుట్టూ తిప్పి బెజవాడ పంపిస్తున్నారు. రాత్రి కలలో కూడా మా ఊరి పేరు వినని బళ్ళు మా ముందు నుంచి వెళ్ళడం మొదలుపెట్టాయి. అద్దాల పెట్టెల్లో కూర్చున్న వాళ్ళు మా స్టేషను బోర్డు వైపు ఇదెక్కడి ఊరన్నట్టు చూశారు. మా పేటలో పిల్లలు వాళ్ళకి చేతులూపారు, ఒకరిద్దరు తిరిగి ఊపారు.

పెద్ద బండి దారి తప్పి మన ఇంటికి వస్తే ముందు లేచి చోటు ఇవ్వాల్సింది ఇంట్లో చిన్నవాడే. ఇక్కడ చిన్నవాడు మా పాసింజరు. రాజమండ్రి నుంచి భీమవరం పోయే ఆ బండి ఎండ ముదిరే వేళకి వచ్చింది. దాన్ని రెండో లైనులో పెట్టాం. ఒక పెద్ద బండి దాటిపోయింది. పాసింజరు కదల్లేదు. ఇంకొకటి పోయింది. కదల్లేదు. జనం దిగి వేపచెట్టు కింద కూర్చున్నారు. అవసరం ఉన్నవాళ్ళు గేటు దగ్గరికి ఆటోల కోసం పరిగెత్తారు. గేటు చూస్తే వేసి ఉంది, దానికవతల ఆటోలన్నీ వడ్ల బస్తాలతో నిండి ఉన్నాయి. కోతల రోజుల్లో మా వైపు మనిషిని ఎక్కించుకునే ఆటో దొరకడం కష్టం.

చివరి పెట్టె వాకిట్లో ఒకామె కూర్చుని ఉంది. ఆమె ముందు పెద్ద పెద్ద సత్తు గుండిగలు, మూతులకి పల్చటి గుడ్డలు. ఒక గుడ్డ తీసి లోపల చెయ్యి పెట్టి నీళ్ళు కలియతిప్పుతోంది. ఆ గుండిగ అయ్యాక పక్క గుండిగ. చూస్తే నలభై దాటిన మనిషి, గోదావరి ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళ ఆడపడుచు. నన్ను చూసి, "జెండా అమ్మగారూ, బండి ఎంతసేపు ఉంటదండి?" అంది.

తెలియదనీ, ఇవాళ మా చేతుల్లో ఏమీ లేదనీ చెప్పాను.

"ఎవరి చేతుల్లో ఉందో చెప్పండి, వాళ్ళనే అడుగుతాను. నా చెయ్యి మాత్రం ఇందులోంచి రాదు."

గుండిగల్లో చేపపిల్లలు ఉన్నాయి. వేలెడంత కూడా లేవు. ఆమె ఇన్నేళ్ళూ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మింది. ఆ ఏడాదే, వాళ్ళ పేటలో ఆడవాళ్ళంతా కలిసి భీమవరం దగ్గర ఒక పల్లె చెరువు కౌలుకి తీసుకున్నారు. తమ చెరువులో తాము చేపలు పెంచుకోవడం వాళ్ళ వంశంలో అదే మొదలట. పిల్లల్ని తెచ్చే పని ఈమెకి అప్పగించారు. పెద్ద చెరువుల వాళ్ళు గాలి నింపిన సంచుల్లో, వ్యానుల్లో తెచ్చుకుంటారు. వీళ్ళకి గుండిగలు, పాసింజరు బండి. ఆ పద్ధతిలో ఉన్న కిటుకు నాకు అప్పుడే తెలిసింది. బండి కదులుతుంటే కుదుపుకి నీళ్ళు కదులుతాయి, నీళ్ళు కదిలితే పిల్లలకి గాలి అందుతుంది. బండి ఆగితే నీళ్ళు నిలబడిపోతాయి. అప్పుడు పిల్లలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. చేత్తో ఎంత తిప్పినా రైలు చేసే పని చెయ్యి చెయ్యలేదు. పైగా ఎండ. నీళ్ళు మార్చుదామంటే వేసవని కాలువలకి నీళ్ళు కట్టేశారు. స్టేషను బోరు ఉప్పు.

"సాయంత్రం దాకా ఆగితే?" అన్నాను.

"ఆగితే ఇవి తీసుకెళ్ళి ఎవరికి చూపించను?" అంది. ఏడవలేదు. చెయ్యి తిప్పుతూనే ఉంది.

నేను ఆఫీసు గదిలోకి వచ్చేసరికి మాస్టరుగారు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. బళ్ళన్నీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ నడవాలో చెప్పే కంట్రోలరు అవతల మాట్లాడుతున్నారు. సంగతి ఏమిటంటే, ఇటు నుంచి ఒక పెద్ద బండి, అటు నుంచి ఇంకో పెద్ద బండి వస్తున్నాయి. రెండూ మా స్టేషన్లోనే తప్పుకోవాలి. అంటే రెండు లైన్లూ వాటికే కావాలి. పాసింజరు రెండో లైనులో అడ్డంగా కూర్చుని ఉంది. కాబట్టి దాన్ని ఇక్కడితో రద్దు చేసి వెనక స్టేషనుకి పంపించేయమన్నారు. కంట్రోలరు గారిని తప్పు పట్టడానికి లేదు. ఆయన ముందు ఉన్నవి బళ్ళు, గుండిగలు కాదు.

చేపపిల్లల సంగతి నేను మాస్టరుగారికి చెప్పాను. ఆయన ఫోను చేత్తో మూసి విన్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. నేనూ అటే చూశాను. అక్కడ మూడో లైను, దాని మీద బంగారంలా వడ్లు, గడ్డిమోపులు, గేదె.

"పాసింజరు చిన్న బండి. దాంట్లో పడుతుందా?" అన్నారు.

"పడుతుందండి. మరి వడ్లో?"

ఆయన మజ్జిగ క్యాను వైపు చూశారు గానీ ముట్టుకోలేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పాసింజరును వెనక్కి పంపనక్కరలేదండి, మా దగ్గర మూడో లైను ఉంది, ముందుకి లాగి అందులోకి తోసేస్తాం అన్నారు. అవతలాయన ఏదో అడిగారు. ఆ లైను బాగుందా అనే అయ్యుంటుంది. మాస్టరుగారి మెడ మీద చెమట కారుతోంది.

"బాగుంటుందండి. ఎదర బండి మా పక్క స్టేషను వదిలేలోపు ఖాళీ లైను చూపిస్తాను. చూపించలేకపోతే మీరన్నట్టే వెనక్కి పంపిస్తాను. బాధ్యత నాది."

అన్నేళ్ళలో ఆయన నోట 'రూలు చూడాలి' అనే మాట రాని ఫోను అదొక్కటే. తర్వాత తెలిసింది, ఆయన అప్పటికే రూలు చూసే అన్నారని. పట్టా కొట్టి చూసి, బాగుందని మేస్త్రి చెబితే ఆ లైను వాడుకోవచ్చట. నవ్విన నేను, నవ్వించిన మేస్త్రి ఇద్దరం ఆ రోజు ఆయన చెప్పినట్టల్లా పరిగెత్తాం.

మేస్త్రి సుత్తి పట్టుకుని వచ్చి మూడో లైను ఒక చివర నిలబడి, "దీని మీద రైలు నడిపిస్తారా, దుక్కి దున్నిస్తారా?" అన్నాడు. అంటూనే గడ్డిమోపులు పక్కకి తోసుకుంటూ పట్టా కొట్టుకుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చి, పట్టాకి ఢోకా లేదనీ, తుప్పు ఒక్కటేననీ, మనిషి నడక కంటే మెల్లగా తోస్తే నడుస్తుందనీ చెప్పాడు. పాసింజరు గార్డు, డ్రైవరు కూడా సరేనన్నారు. ఇక మిగిలింది వడ్లు.

వడ్ల దగ్గర అందరికంటే పెద్దది, నాకు చర్చిలో పక్కనే కూర్చునే మనిషి. ఎకరం కౌలు చేస్తుంది. ఆవిడ కుప్పే అన్నిటికంటే ముందు, పట్టాకి దగ్గరగా ఉంది. నేను వెళ్ళి, వడ్లు ఎత్తేయాలి వదినా, బండి వస్తోంది అన్నాను. ఆవిడ వడ్లలో కాళ్ళు ఈడుస్తూ చాళ్ళు చేస్తోంది. తల ఎత్తలేదు.

"ఎత్తడానికి ఇదేమన్నా మంచం మీద దుప్పటా? పచ్చివి. కుప్ప పోస్తే లోపల ఉడికిపోతాయి. ఇన్నేళ్ళుగా రాని బండి ఇవాళెందుకు వస్తదో నాకు చెప్పు."

చేపపిల్లల కోసం అన్నాను. అది నేను చేసిన తెలివితక్కువ పని. పెద్ద బండి కోసమనో, పై ఆఫీసరు చెప్పారనో అంటే సరిపోయేది.

"చేపపిల్లల కోసం వడ్లు ఎత్తించే రాజ్యం ఎక్కడైనా ఉందా?" అని పక్కవాళ్ళతో అంది. వాళ్ళందరూ నవ్వారు. ఒక్కరూ కదల్లేదు. వాళ్ళ భయం నాకు తెలుసు. ఎవరి కుప్ప వాళ్ళదే, ఎవరి రకం వాళ్ళదే. హడావిడిలో ఎత్తితే ఒకరివి ఒకరిలో కలుస్తాయి. ఒకసారి కలిసిన వడ్లని ఏ మాస్టరుగారూ విడదీయలేరు.

ఈలోగా చేపలావిడ ఒక గుండిగని నడుమున పెట్టుకుని, లైన్లు దాటుకుంటూ మా దగ్గరికి వచ్చింది. మిగతా గుండిగల దగ్గర ఎవరో లేసు అల్లుకునే ఆడవాళ్ళని కూర్చోబెట్టి వచ్చిందట, చేతులు తిప్పుతూ ఉండమని. నడుస్తుంటే గుండిగలో నీళ్ళు ఆమె చీర మీద చిందుతున్నాయి.

"ఒదినా, చేప లేకుండా ఉత్త అన్నం తింటావా నువ్వు?" అంది కౌలావిడతో.

"అన్నం లేకుండా ఉత్త చేపలు తింటావా నువ్వు? అయినా నేను నీకు ఎప్పుడు ఒదిన్నయ్యాను?"

"తిట్టావుగా. తిట్టిందంటే ఒదినే."

ఈసారి నవ్వు ఇటు తిరిగింది. చేపలావిడ గుండిగని ప్లాట్‌ఫారం మీద దించి గుడ్డ తీసింది. దించగానే నీళ్ళు నిలబడ్డాయి. పిల్లలన్నీ ఒక్కసారిగా పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. నల్లటి గింజలు చల్లినట్టు ఉంది గుండిగ నిండా. కౌలావిడ వంగి చూసింది. ఆవిడే వడ్లంటిన చెయ్యి చీరకి తుడుచుకుని, గుండిగలో పెట్టి ఒక్కసారి తిప్పింది. పిల్లలు కిందకి వెళ్ళాయి. చెయ్యి తీసింది. మళ్ళీ పైకి వచ్చాయి.

"ఇలా ఎంతసేపటినుంచి తిప్పుతున్నావే?" అంది.

"బండి ఆగినప్పటి నుంచీ."

కౌలావిడ నడుం నిటారుగా చేసి తన వాళ్ళ వైపు తిరిగింది. "ఎవరి బరకం వాళ్ళు నాలుగు మూలలూ పట్టండి. ఎవరివి వాళ్ళవే. ఒక్క గింజ కలిసిందంటే ఆదివారం పాస్టరుగారి ముందే అడుగుతాను" అంది.

ఆ తర్వాత జరిగింది చూడాల్సిందే తప్ప నేను రాయలేను. చెట్టు కింద కూర్చున్న పాసింజర్లంతా వచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు, గుమస్తాలు, పెళ్ళికి వెళుతున్న పట్టుచీరల ఆడవాళ్ళు. బరకానికి పదిమంది చొప్పున పట్టుకుని, చేపల వల లాగినట్టు లాగి, పాత గూడ్సు షెడ్డులోకి చేర్చారు. ఒక పెద్దాయన మధ్యలో నిలబడి ఇటు పట్టండి, అటు పట్టండి అని కేకలు వేశాడు. ఆయన ఏమీ పట్టలేదు. గేదె మాత్రం గొలుసు విప్పినా కదల్లేదు. చివరికి ఇంజను హారను వేస్తే తనకి తానే వెళ్ళిపోయింది.

లైను ఖాళీ అయింది. నేను తాళం తీసి పాయింటు, అంటే లైను మార్చే పట్టా, తిప్పాను. పట్టా కదిలింది గానీ పూర్తిగా అంటుకోలేదు. కదిలే పట్టాకీ కదలని పట్టాకీ మధ్య సన్నటి సందు. అలా సందు ఉండగా చక్రం ఎక్కిందంటే పెట్టె పట్టాలు తప్పుతుంది. వంగి చూస్తే, ఎన్ని దాళ్వాల వడ్లో తెలియదు, అడుగున గ్రీజులో ఇరుక్కుని గట్టిపడి రాయిలా తయారయ్యాయి. పుల్లతో పొడిస్తే పుల్ల విరిగింది. మేస్త్రి సుత్తి అందులోకి దూరదు. మాస్టరుగారు కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నారు. ఎదర బండి పక్క స్టేషను చేరిందన్న మాట.

నాకు గుండిగల దగ్గర కూర్చున్న లేసు అల్లే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. పరిగెత్తి వెళ్ళి ఒకామెను లేసు సూది అడిగాను. కొక్కెం ఉన్న ఇనప సూది.

"విరిగితేనో?" అంది ఆమె.

"విరిగితే మా మాస్టరుగారిని అడుగు, మజ్జిగ పోస్తారు" అన్నాను.

పాయింటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సందులో సూది దూర్చి లాగాను. చిన్నప్పుడు దారం లాగినట్టే. మొదట ఒక్క గింజ వచ్చింది. ఆ తర్వాత గ్రీజుతో సహా ముద్దలు ముద్దలుగా వచ్చాయి. ఇంకోసారి తిప్పాను. పట్టా ఠక్కుమని అంటుకుంది. ఆ చప్పుడు కంటే తియ్యటి చప్పుడు నేను ఉద్యోగంలో వినలేదు. తాళం వేసి, లేచి నిలబడి పచ్చ జెండా ఊపాను. సూది విరగలేదు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, వాసన చూసి, మొహం అదోలా పెట్టి సంచిలో వేసుకుంది.

పాసింజరు ముందుకి వచ్చి, ఆగి, వెనక్కి తిరుగు నడక మొదలుపెట్టింది. జనాన్నందరినీ కిందే ఉండమన్నారు. చేపలావిడ మాత్రం తన గుండిగతో మళ్ళీ ఎక్కి, దిగనంది. గార్డు ఆమెను చూడనట్టు అటు తిరిగారు. చక్రాల కింద తుప్పు కిర్రుమంటూ నలిగింది. చివరి పెట్టె మీద ఇంటూ గుర్తు నా ముందు నుంచి వెనక్కి వెనక్కి వెళ్ళింది. పెట్టె వాకిట్లో చేపలావిడ గుండిగలోకి చూస్తూ ఉంది. బండి కుదుపుకి నీళ్ళు తొణుకుతున్నాయి. ఆమె చెయ్యి బయట ఉంది. బండి ఆగాక మొదటిసారి ఆ చెయ్యి ఖాళీగా ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాత పెద్ద బండి ఒకటి వచ్చి రెండో లైనులో నిలబడింది. రెండోది మెయిన్ లైను మీద దూసుకుపోయింది. అద్దాల వెనక ఉన్న వాళ్ళకి మేమెవరమో, ఏం చేశామో తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. దారి మళ్ళిన బండిలో కూర్చున్న వాళ్ళకి తమ దారి తప్పిందనే తెలుస్తుంది గానీ, వాళ్ళకి దారి ఇవ్వడానికి ఎవరెవరు పక్కకి జరిగారో ఎలా తెలుస్తుంది? మీరు ఈ ఉద్యోగంలో ఉంటే ఆ పక్కకి జరిగిన వాళ్ళని చూస్తారు. చూడండి. అదే నేను చెప్పగలిగింది.

లైను ఖాళీ అయ్యాక పాసింజరును వదిలారు. అది కదులుతుంటే కౌలావిడ గూడ్సు షెడ్డు దగ్గర నుంచి కేకేసింది. "రేపు ఇదే దారిన వస్తావుగా. బతికాయో లేదో చెప్పి పో. నా వడ్లు ఉత్తపుణ్యానికి ఎత్తించావనుకో..." మిగతాది బండి చప్పుడులో కలిసిపోయింది.

సాయంత్రం వాన పడింది, ముందే ఎత్తినందువల్ల వడ్లు దక్కాయి అని రాస్తే బాగుంటుంది. కానీ వాన పడలేదు. ఆకాశం చక్కగా ఉంది. కౌలావిడ అవే వడ్లు మళ్ళీ మోసుకొచ్చి, నన్ను తిట్టుకుంటూ ఆరబోసుకుంది. పట్టా మీద వడ్లున్న సంగతి పై వాళ్ళ చెవిన పడింది. మాస్టరుగారు ఫోను పెట్టేసి, రేపటి నుంచి మూడో ప్లాట్‌ఫారం మీద ఒక్క గింజ కూడా కనపడకూడదని నాకు చెప్పారు. ఆయన మొహం చూస్తే అది ఆయనకి ఇష్టమైన మాటలా లేదు. ఆడవాళ్ళకి చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక రాత్రంతా ఆలోచించాను.

మర్నాడు ఉదయం త్వరగా వచ్చాను. ప్లాట్‌ఫారం అంచులకి పూసే సున్నం గదిలో ఉంటుంది. బకెట్టులో కలుపుకుని, కొబ్బరిపీచు కుంచె తీసుకుని మూడో లైను దగ్గరికి వెళ్ళాను. పట్టా నడినెత్తి మీద సన్నటి మెరుపు. ఒక్క బండి ఒకసారి వెళ్ళి వచ్చినందుకే తుప్పు అంత మేరా పోయింది. అంచు నుంచి ఒక బార లోపలికి జరిగి, వంగి, గీత గీయడం మొదలుపెట్టాను. గీతకి అవతల రైలు, ఇవతల వడ్లు. ఈ చివర పాయింటు దగ్గర మాత్రం ఇంకా ఎడంగా తిప్పాను. ఆడవాళ్ళు బస్తాలతో వచ్చి నిలబడి చూశారు. వాళ్ళకీ అక్షరం రాదు, నాకూ రాదు. ఎవరూ ఏంటిది అని అడగలేదు.

మాస్టరుగారు మజ్జిగ గ్లాసుతో బయటికి వచ్చారు. గీతను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. వడ్ల బస్తాల వైపు చూశారు.

"వంకరగా ఉంది" అన్నారు. లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు మా పాసింజరు భీమవరం నుంచి తిరిగి వస్తూ రెండో లైనులో ఆగింది. చివరి పెట్టె వాకిట్లో గుండిగలు ఒకదానిలో ఒకటి బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన ఆమె. కౌలావిడ బస్తా దించి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమయ్యాయే?" అంది.

"కొన్ని పోయాయి ఒదినా. మిగతావి ఈదుతున్నాయి. మా వాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు, లేవమంటే లేవరు."

బండి కదిలింది. కౌలావిడ కాసేపు అటే చూసి, "ఒదినంట" అని తనలో తాను అనుకుంది. బరకం తీసి పరిచింది. అంచు గీత మీదకి వస్తే కాలితో వెనక్కి జరిపింది. నేను బకెట్టు తీసుకుని, గీత వంకరపోయిన చోటికి వెళ్ళి మళ్ళీ దిద్దడం మొదలుపెట్టాను.